తర్జుమా వెనుక నిలిచిన రచయిత్రి: శ్రీమతి విల్లా మ్యూర్ (1890–1970)

శతవార్షికోత్సవ సంచికలో స్కాట్లండు దేశపు నవలా రచయిత్రిని గూర్చి వ్యాసమేమిటని కొందరు చదువరులకు తోచవచ్చును. నూరేండ్ల చరిత్ర వ్రాయ కూర్చున్న వారికి తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి కలదు. పని చేసినది ఎవరు? పుస్తకములో పేరు నిలిచినది ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒక్కటే అయితే చరిత్రకారునికి చిక్కు లేదు. కాని అట్లు ఉండుట అరుదు. శ్రీమతి విల్లా మ్యూర్ గారి జీవితము ఈ చిక్కును మన ముందు తేటగా ఉంచుచున్నది. అందుచేతనే ఆమెను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మూడు భాషల బాల్యము

స్కాట్లండు తూర్పు తీరమున మాంట్రోస్ అనే చిన్న రేవు పట్టణములో 1890 మార్చి 13వ తేదీన ఆమె జన్మించారు. పుట్టింటి పేరు ఆండర్సన్. తల్లిదండ్రులు స్కాట్లండుకు మిక్కిలి ఉత్తరమున సముద్రములో ఉన్న షెట్లండు దీవుల నుండి వచ్చి స్థిరపడినవారు. తండ్రి బట్టల వ్యాపారము చేసేవారు. ఆమెకు తొమ్మిదేండ్ల వయస్సులో ఆయన మరణించగా కుటుంబ భారము తల్లిపై పడినది.

ఆమె చిన్ననాట మూడు విధములైన మాటలు వింటూ పెరిగారు. ఇంటిలో తల్లిదండ్రులు మాట్లాడేది షెట్లండు యాస. వీధిలో తోటి పిల్లలు మాట్లాడేది మాంట్రోస్ ప్రాంతపు స్కాట్స్. బడిలో మాట్లాడవలసినది శుద్ధమైన ఇంగ్లీషు. గుమ్మము దాటినప్పుడెల్లా మాట మార్చుకొనవలసి వచ్చేది. ఇంటి తెలుగు ఒకటి, బడి తెలుగు మరొకటి, ఆరాధనలో వినే బైబిలు తెలుగు వేరొకటిగా పెరిగిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక మాటలోని భావమును మరొక మాటలోనికి చేర్చే విద్యకు ఆమె అక్షరాభ్యాసము అక్కడే జరిగినదని మా అభిప్రాయము.

తెలివిగల బాలిక గనుక విద్యార్థి వేతనములతో చదువు సాగినది. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయములో గ్రీకు, లాటిను భాషలు అభ్యసించి 1910లో ప్రథమ శ్రేణిలో పట్టము పొందారు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలను చేర్చుకొనుట మొదలైనది 1892లోనే. అంటే ఆమె కాలమునకు ఆ తలుపులు తెరచి ఇరవై ఏండ్లు కూడ కాలేదు. తరువాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి, లండనులోని జిప్సీ హిల్ అను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఉప ప్రధానాధ్యాపకురాలయ్యారు. ముప్పది ఏండ్లు నిండక ముందే అంతటి పదవి లభించుట ఆ కాలపు స్త్రీకి చిన్న విషయము కాదు.

వివాహము, వలస

1918లో గ్లాస్గో నగరములో ఎడ్విన్ మ్యూర్ అను యువకునితో ఆమెకు పరిచయమైనది. ఈయన ఆర్క్‌నీ దీవులలో ఒక కౌలు రైతు బిడ్డ. 1901లో ఆ కుటుంబము పల్లె విడిచి గ్లాస్గో చేరినది. కొద్ది ఏండ్లలోనే తల్లి, తండ్రి, ఇద్దరు అన్నలు ఒకరి వెంట ఒకరు మరణించారు. ఎడ్విన్ గారు బడి చదువు తొందరగానే ముగించి, గుమాస్తా ఉద్యోగములతో పొట్ట పోసుకొంటూ తనంత తాను చదువుకొన్నవారు. పట్టము, పదవి ఉన్నది ఆమెకు. ఇవేవియు లేనిది ఆయనకు. అయినను 1919 జూనులో లండనులో ఇద్దరూ వివాహమాడారు. ఆ వివాహముతో ఆమె కళాశాల పదవిని వదులుకొన్నారు.

వివాహము తన జీవితములో జరిగిన మహా భాగ్యమని ఎడ్విన్ గారు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నారు. ఆయన ఆ తరువాత ఇరవయ్యవ శతాబ్దపు మంచి కవులలో ఒకరుగా పేరు పొందారు. చెదరిన మనస్సుతో ఉన్న ఆ గుమాస్తాను నిలబెట్టి, ధైర్యము చెప్పి, లోకము చూపించినది విల్లా గారే.

1921లో దంపతులు ప్రాగ్ నగరమునకు వెళ్లారు. అక్కడి నుండి జర్మనీలో డ్రెస్డెన్ సమీపమున ఉన్న హెలెరౌకు చేరారు. అక్కడ ఏ. ఎస్. నీల్ గారు నడిపిన పాఠశాలలో విల్లా గారు బోధించారు. ఆ పిమ్మట ఇటలీ, ఆస్ట్రియా దేశములలో కొంతకాలము గడిపారు. జర్మను భాష వారికి ఈ ప్రవాసములో పట్టుబడినది. 1924లో అమెరికా దేశపు ప్రచురణకర్త ఒకరు గెర్‌హార్ట్ హాప్ట్‌మన్ నాటకములను ఇంగ్లీషులోనికి తెమ్మని అడుగుటతో వారి తర్జుమా వృత్తి ఆరంభమైనది.

కాఫ్కాను ఇంగ్లీషునకు తెచ్చినవారు

మొదట వారికి పేరు తెచ్చినది లియోన్ ఫాయిక్ట్‌వాంగర్ వ్రాసిన ‘జ్యూ స్యూస్’ అను చారిత్రక నవల. దాని ఇంగ్లీషు తర్జుమా 1926లో వెలువడి మిక్కిలి ఆదరణ పొందినది. 1932లో హెర్మన్ బ్రోఖ్ గారి ‘ది స్లీప్‌వాకర్స్’ అను మూడు భాగముల నవలను ఇంగ్లీషు చేశారు. కాని నేటికిని వారి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది ఫ్రాంజ్ కాఫ్కా.

కాఫ్కా ప్రాగ్ నగరవాసి, యూదుడు, జర్మను భాషలో వ్రాసినవాడు. మ్యూర్ దంపతులు ఆ నగరములో ఉన్న కాలమునకు ఆయన జీవించియే ఉన్నాడు గాని వీరు ఆయనను కలుసుకొనలేదు. 1924లో క్షయ వ్యాధితో మరణించుటకు ముందు తన వ్రాతప్రతులన్నియు తగులబెట్టుమని స్నేహితుడైన మాక్స్ బ్రాడ్‌ను కోరాడు. బ్రాడ్ ఆ మాట పాటించక వాటిని అచ్చు వేయించాడు. మ్యూర్ దంపతుల చేతి మీదుగా ‘ది కాసిల్’ 1930లోను, ‘ది ట్రయల్’ 1937లోను, ‘అమెరికా’ 1938లోను ఇంగ్లీషులో వచ్చినవి. కాఫ్కా జర్మనీలోనే పెద్దగా ఎరుగని రచయితగా ఉన్న దినములలో వీరు ఆయన విలువ గుర్తించారు. తరువాత నాజీల పాలనలో ఆయన పుస్తకములు జర్మనీలో నిషేధింపబడినవి. ఆ కాలములో కాఫ్కా పేరు ప్రపంచములో వ్యాపించుటకు ఇంగ్లీషు తర్జుమాలు ఎంతో తోడ్పడినవి. మన దేశపు చదువరులలో చాలమందికి కాఫ్కా పరిచయమైనది ఇంగ్లీషు ద్వారానే, అదియు దీర్ఘకాలము వీరి ఇంగ్లీషు ద్వారానే.

‘ది కాసిల్’ కథ సంగ్రహముగా ఇది. భూమి కొలిచే ఉద్యోగి ఒకడు పిలుపు వచ్చినదని ఒక గ్రామము చేరును. గుట్ట మీద కోట కనబడుచుండును. తన పని స్థిరపరచుకొనుటకు ఆ కోట అధికారులను చేరవలెనని ఎంత ప్రయత్నించినను చేరలేడు. ఈ పుస్తకమునకు ఎడ్విన్ గారు పీఠిక వ్రాసి, బనియను గారి ‘యాత్రికుని ప్రయాణము’తో దీనిని పోల్చి చూపారు. మన ఇండ్లలో బైబిలు ప్రక్కన ఉండే ఆ చిన్న పుస్తకము ఇట్లు కాఫ్కాకు ఇంగ్లీషు దేశములో దారి చూపినది. బనియను యాత్రికునికి మార్గము తెలియును, కష్టము నడకలో ఉన్నది. కాఫ్కా యాత్రికునికి మార్గము ఏదో తెలియుటయే కష్టము. ఈ పోలిక అన్నివిధముల సరిపోదని తరువాతి విమర్శకులు వాదించినను, రెండు తరముల ఇంగ్లీషు చదువరులు కాఫ్కాను ఆ కన్నులతోనే చదివారు.

తర్జుమాలోని శ్రమ

జర్మను నుండి ఇంగ్లీషునకు తెచ్చుటలో కష్టమేమిటో తెలుగువారు సులభముగా గ్రహింపగలరు. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ వచ్చును. జర్మను ఉపవాక్యములలో క్రియ చివరకు పోవును. వాక్యము ముగిసేవరకు చదువరి ఊపిరి బిగబట్టి ఉండవలెను. క్రియను చివర ఉంచుట మన తెలుగు వాక్యమునకు సహజమే గనుక ఆ నడక మనకు వింతగా తోచదు. ఇంగ్లీషు చదువరికి మాత్రము అది భారము. కాఫ్కా వాక్యములు పొడవైనవి. ఒక మాట చెప్పి, దానికి ఒక సందేహము తగిలించి, ఆ సందేహమునకు మరొక సందేహము తగిలించి సాగును. మాటల వరుస మార్చితే అర్థమే మారునట్లు ఉండును. మార్చకపోతే ఇంగ్లీషు కానేరదు. ఈ సంకటమును గూర్చి దంపతులిద్దరూ చెరి ఒక భాగముగా వ్రాసిన వ్యాసము 1959లో ఒక సంకలనములో అచ్చయినది.

ఇది ఇంటి పోషణ కొరకు చేసిన పని అని కూడ మరువరాదు. కవిత్వముతో ఇల్లు గడవదు. 1927లో వారికి కుమారుడు జన్మించాడు. గడువులు దగ్గరపడినప్పుడు ఇంటి పని, బిడ్డ పెంపకము, తర్జుమా అన్నియు ఒకేసారి మీద పడేవి. ఈ ఉమ్మడి పని చాలదన్నట్లు విల్లా గారు ‘ఆగ్నెస్ నీల్ స్కాట్’ అను మారు పేరుతో విడిగా కూడ తర్జుమాలు చేశారు. హాన్స్ కరోసా గారి యుద్ధకాలపు దినచర్య, బాల్యస్మృతులు ఆ పేరుతోనే వచ్చినవి.

ఆమె నవలలు

ఇంతటి పని నడుమ ఆమె సొంత రచనలకు దొరికిన సమయము స్వల్పము. 1925లో స్త్రీలను గూర్చిన చిన్న విచారణ గ్రంథము ఒకటి, లెనార్డ్, వర్జీనియా వుల్ఫ్ దంపతుల హోగార్త్ ప్రెస్ ద్వారా వెలువడినది. నవలలు అచ్చయినవి రెండే.

మొదటిది ‘ఇమాజిన్డ్ కార్నర్స్’ (1931). అనగా ‘ఊహించిన మూలలు’. ఈ పేరు కవియు, లండను సెయింట్ పాల్ దేవాలయ డీనుయు అయిన జాన్ డన్ గారి పద్యము నుండి గ్రహింపబడినది. ఆయనకు ఆధారము ప్రకటన గ్రంథము ఏడవ అధ్యాయములోని భూమి నాలుగు దిక్కుల దూతల దర్శనము. కథ 1912లో కాల్డర్‌విక్ అను పట్టణములో జరుగును. పేరు కల్పితమైనను అది మాంట్రోసే అని ఆ ప్రాంతమెరిగిన వారు గుర్తించగలరు. ఎలిజబెత్ షాండ్ అను పేరు గలవారు ఇద్దరు ఇందులో ఉన్నారు. ఒకరు క్రొత్తగా కాపురమునకు వచ్చిన చదువుకొన్న యువతి. రెండవవారు ఆమె ఆడబిడ్డ. ఎన్నో ఏండ్ల క్రిందట ఊరు విడిచి పరదేశము వెళ్లి, విధవరాలై తిరిగి వచ్చిన స్త్రీ. భర్త చేత విడువబడిన చిన్న కోడలికి ఊరివారి సానుభూతి కంటె ఈ ఆడబిడ్డ స్నేహమే ఆధారమగును. ఆ ఊరి సంఘ కాపరి కథ మరొక పాయ. మతి చలించిన తమ్మునికి తన బోధలలో ఏదియు ఉపయోగపడకపోగా ఆ కాపరి పడే వేదనను ఆమె ఎగతాళి చేయక, జాలితో చిత్రించారు.

రెండవది ‘మిసెస్ రిచీ’ (1933). ఇది చదువుట కష్టము. బీద ఇంట పుట్టిన తెలివిగల బాలిక ఒకతె తన ఆశలకు దారి దొరకక, కఠినమైన మతనిష్ఠను ఆశ్రయించును. పెద్దయ్యాక ఆ నిష్ఠయే భర్తకు, బిడ్డలకు సంకెలగా మారును. తన ఇంటివారు నాశనమగుచున్నను తాను నీతిమంతురాలననే అనుకొనును. 1936లో వచ్చిన ‘మిసెస్ గ్రండీ ఇన్ స్కాట్లండ్’ అను వ్యాస గ్రంథములో ఇదే సంగతి మరొక రీతిగా విచారించారు. మిసెస్ గ్రండీ అనగా ఇంగ్లీషువారి సామెతలలో, ‘నలుగురు ఏమనుకొంటారో’ అను భయమునకు పెట్టిన పేరు. స్కాట్లండులో ఆ భయము సంఘ క్రమశిక్షణ వేషము ధరించి, ముఖ్యముగా స్త్రీల నోరు ఎట్లు నొక్కినదో ఆమె చూపారు.

ఆమె విమర్శ తీవ్రమైనది. స్కాట్లండు సంఘములు పల్లె పల్లెకు బడి తెచ్చిన మేలును గూర్చి ఆమె తక్కువగా పలికారని మాకు తోచును. ఆ బడుల చలువ లేనిదే బట్టల వ్యాపారి బిడ్డ విశ్వవిద్యాలయము చేరుట దుర్లభము. అయినను భక్తి వేరు, పరువు వేరు అని ఆమె చూపిన విభజన రేఖను కాదనలేము. ఆమె చిత్రించిన శ్రీమతి రిచీ ఒక్క మాంట్రోస్‌లోనే ఉండే మనిషి కాదు.

1935లో దంపతులు సెయింట్ ఆండ్రూస్‌కు మకాము మార్చారు. అక్కడ 1939 ఆరంభములో విల్లా గారు జబ్బుపడి ఆసుపత్రిలో ఉండగా, ఒక రాత్రి ఒంటరిగా పడకకు సిద్ధమగుచున్న ఎడ్విన్ గారి నోట అనుకొనకుండ పరలోక ప్రార్థన బిగ్గరగా వెలువడినదట. తాను క్రైస్తవుడనని ఆయన గ్రహించినది ఆ దినములలోనే అని స్వీయచరిత్ర తెలుపుచున్నది. ఆ ప్రార్థనకు తోడైనది భార్యను గూర్చిన ఆందోళన అనుట స్పష్టము.

దినచర్యలోని మాట

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. కాఫ్కా తర్జుమాల ముఖపత్రములపై ఇద్దరి పేర్లు ఉన్నవి. కాని పీఠిక ఎడ్విన్ గారిది. కవిగా, విమర్శకునిగా ప్రసిద్ధి ఆయనది. అందుచేత లోకము ఆయననే తర్జుమాకర్తగా ఎంచి, ఆమెను సహాయకురాలిగా భావించినది. 1953 ఆగస్టులో, ఎడ్విన్ గారు ఎడిన్‌బరో సమీపమున న్యూబాటిల్ అబ్బే కళాశాలకు అధిపతిగా ఉన్న కాలమున, విల్లా గారు తన దినచర్యలో మనస్సు విప్పి వ్రాసుకొన్నారు. తర్జుమాలో తాను భర్తకంటె నేర్పరినని, ఆ పనిలో ఎక్కువ భాగము, ముఖ్యముగా కాఫ్కా, చేసినది తానేనని, ఆయన చేసినది సహాయమేనని ఆ మాటల సారాంశము. లోకము వేరుగా అనుకొనుచున్నను తాను ఊరకుండినట్లు, ఆ ఊరకుండుటకు లోకరీతితో పాటు తన మనస్సు కూడ కారణమైనట్లు ఆమె బాధపడ్డారు.

1968లో అచ్చయిన ‘బిలాంగింగ్’ అను స్మృతి గ్రంథములో ఆమె చెప్పినది వేరు. పుస్తకమును రెండు సగములుగా పంచుకొని చెరి ఒక సగము తర్జుమా చేసి, పిమ్మట ఒకరి పని ఒకరు జాగ్రత్తగా సరిచూచుకొనేవారమని అందులో వ్రాశారు. అప్పటికి ఎడ్విన్ గారు మరణించి తొమ్మిదేండ్లు.

ఈ రెండు సాక్ష్యములలో దేనిని నమ్మవలెను? ఒకటి ఎవరూ చూడని కాగితముపై కోపములో వ్రాసినది. మరొకటి లోకము కొరకు, గతించిన భర్తపై ప్రేమతో వ్రాసినది. రెండును సత్యమే కావచ్చునని మా నమ్మకము. మొదట పంచుకొని చేసియుండవచ్చును. ఆయనకు ఉద్యోగములు, కవిత్వము పెరిగిన కొలది ఆమె వంతు పెరిగియుండవచ్చును. భర్తను ప్రేమించుట వలన తన శ్రమ గుర్తింపబడలేదను బాధ ఆమెకు తగ్గలేదు. బాధపడుట వలన ప్రేమయు తగ్గలేదు. పరిశోధకులు నేడు ఆమె దినచర్య మాటను బరువుగా ఎంచుచున్నారు. దానిని భద్రపరచినది ఆమె చదివిన సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమే.

చివరి దినములు

యుద్ధానంతరము 1945 నుండి 1948 వరకు ఎడ్విన్ గారు ప్రాగ్‌లో బ్రిటిష్ కౌన్సిల్ సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారము చేపట్టుట దంపతులు కండ్లార చూచారు. ఆ అనుభవమును విల్లా గారు ‘ది యూసర్పర్స్’ అను నవలగా వ్రాశారు. అంతకుముందే ఇల్లు నడుపుతూ తర్జుమా చేసే ఒక గృహిణి కథను మరొక నవలగా వ్రాశారు. ఈ రెండును ఆమె జీవితకాలములో అచ్చు కాలేదు. 1958లో తర్జుమా కొరకు జర్మనీలో నెలకొల్పిన యోహాన్ హైన్రిక్ ఫాస్ బహుమానము తొలిసారిగా దంపతులిద్దరికీ కలిపి లభించినది. 1959 జనవరి 3న ఎడ్విన్ గారు మరణించారు. జానపద గాథాగేయములను గూర్చి ఆయన వ్రాయ తలపెట్టిన పుస్తకమును ఆమె చేపట్టి 1965లో ‘లివింగ్ విత్ బాలడ్స్’ పేరుతో పూర్తి చేశారు. సొంత నవలలు పెట్టెలో ఉండగా భర్త మిగిల్చిన పనిని ముగించిన స్త్రీ ఆమె. 1970 మే 22న స్కాట్లండులోని డనూన్ పట్టణములో ఎనుబదవ ఏట కన్నుమూశారు.

‘ఇమాజిన్డ్ కార్నర్స్’ 1987లో పునర్ముద్రణ పొందినది. 1996లో ఆమె రచనలు ఒకే సంపుటముగా వచ్చినవి. కాఫ్కా వ్రాతప్రతులను మరల పరిశోధించి సిద్ధపరచిన ప్రతుల ఆధారముగా 1998లో క్రొత్త తర్జుమాలు వెలువడి, మ్యూర్ దంపతుల తర్జుమాలోని లోపములను సరిదిద్దినవి. తర్జుమాకర్తల గతి అంతే. తరువాత వచ్చేవారు దిద్దుదురు గాక, ముందు దారి వేసినవారి శ్రమ వ్యర్థము కాదు.

మన సంఘ చరిత్రలలో కూడ దొరగారి పేరు పూర్తిగా ఉండి, దొరసానిగారి పేరు ఉండని పుటలు చాల ఉన్నవి. పల్లెలు తిరిగి చదువు చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు అసలే లేని పుటలు అంతకంటె ఎక్కువ. వారు దినచర్యలు వ్రాసి ఉంచలేదు. ఉంచినను భద్రపరచినవారు లేరు. వారిని ఎరిగిన వృద్ధులు ఇంకను కొందరు మన మధ్య ఉన్నారు. ఆ పేర్లు అడిగి వ్రాసికొనుటకు ఇదే సమయమని మాత్రము మనవి చేయుచున్నాము.